గుంటూరు ఎండలు, పిడుగు వానలు: హెచ్చరిక చేరుతోంది, పనివేళలే మారడం లేదు

వేసవి ముదిరిందంటే చాలు, సాయంత్రానికి ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. రేపు ఫలానా మండలాల్లో తీవ్ర వడగాలులు, ఫలానా మండలాల్లో వడగాలులు అని. తాడేపల్లిలోని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే ప్రకటన అది. పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మండలాల పేర్లు అందులో తరచూ కనిపిస్తాయి. కొన్ని రోజుల్లో మధ్యాహ్నం దాటాక అదే ఫోన్‌కి ఇంకో మెసేజ్ వస్తుంది. ఉరుములు, మెరుపులతో వాన, పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద నిలబడవద్దు అని. పొద్దున వడగాలి హెచ్చరిక, సాయంత్రం పిడుగుల హెచ్చరిక. చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి.

వాతావరణ అంచనా మెరుగుపడిందన్న మాట కాదనలేనిది. ఒకప్పుడు కోస్తా మొత్తానికి కలిపి ఒకే మాట చెప్పేవారు. ఇప్పుడు మండలం పేరు పెట్టి చెబుతున్నారు. కానీ ఆ మెసేజ్ చదివిన మిర్చి యార్డు హమాలీ, గోడౌన్లో ముచ్చికలు తీసే ఆడమనిషి, కల్లంలో కాయ ఆరబోసిన కౌలు రైతు మర్నాడు ఏం చేయగలరు? అంచనా కచ్చితత్వం ఎంత పెరిగినా, దాన్ని పాటించే వీలు వాళ్ల చేతుల్లో లేకపోతే అది ఉత్త సమాచారంగానే మిగిలిపోతోంది. గుంటూరు సీమలో అసలు సమస్య ఇక్కడే ఉంది.

వడగాలి అని ఎప్పుడు అంటారు?

ఎండ ఎక్కువైతే వడగాలి అనుకుంటాం. భారత వాతావరణ శాఖ లెక్క వేరు. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి. అది ఆ రోజుకు ఉండాల్సిన మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి, 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాలి. మామూలుతో పని లేకుండా నేరుగా 45 డిగ్రీలు తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. సముద్ర తీరంలో మాత్రం 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువున్నా వడగాలి కిందికే వస్తుంది.

తీరానికి వేరే లెక్క ఎందుకంటే, గాలిలో తేమ. ఒంటి మీద చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. అందుకే బాపట్లలో 38 డిగ్రీల ఉక్కపోత రోజు రెంటచింతలలో 44 డిగ్రీల పొడి ఎండకు ఏమీ తీసిపోదు. పేపర్లో అంకె చిన్నదిగా ఉందని తీర ప్రాంతం వాళ్లు ధీమాగా ఉండటం ప్రమాదమే. తేమను కూడా కలిపి లెక్కగట్టే ఉష్ణ సూచికను వాతావరణ శాఖ 2023 నుంచి ప్రయోగాత్మకంగా ఇస్తోంది. జనంలోకి మాత్రం ఇంకా పాత అంకె ఒక్కటే వెళుతోంది.

ఇంకో విషయం కూడా చాలామందికి తెలియదు. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది. తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నేల నుంచి దాదాపు నాలుగైదు అడుగుల ఎత్తున ఉంచిన థర్మామీటరు చెప్పేది. సిమెంటు నేల మీద టిక్కీలు మోసే మనిషికి, రేకుల కప్పు కింద వంట చేసే ఇల్లాలికి, వెల్డింగ్ షాపులో పనిచేసే కుర్రాడికి తగిలే వేడి ఆ అంకె కంటే చాలా ఎక్కువ.

రెంటచింతల పేరు ప్రతి వేసవిలో ఎందుకు వినిపిస్తుంది?

పల్నాడులో నేల రాతినేల. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపురాయి అందరికీ తెలిసినవే. పొద్దున ఎక్కిన వేడి ఆ రాతిలో నిలిచిపోతుంది. పడమట నల్లమల. మహారాష్ట్ర, తెలంగాణ మీదుగా వచ్చే వాయవ్య గాలులు అప్పటికే పొడిబారి వేడెక్కి ఉంటాయి. పీఠభూమి నుంచి మైదానానికి దిగేటప్పుడు గాలి మరింత వేడెక్కుతుంది. కిందికి దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కడం ప్రకృతి సూత్రం. అందుకే మాచర్ల, గురజాల, రెంటచింతల ప్రాంతాలు కొలిమిలా మారతాయి.

గుంటూరు నగరం సంగతి కొంచెం వేరు. ఇక్కడికి సముద్రం మరీ దూరం కాదు. మధ్యాహ్నం తర్వాత బాపట్ల వైపు నుంచి సముద్రపు గాలి మళ్లితే ఎండ కాస్త తగ్గుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఆ సముద్రపు గాలి లోపలికి రాలేదు. అలాంటి రోజుల్లోనే గుంటూరు, ఒంగోలు, బాపట్ల కూడా 45 డిగ్రీలకు అటూ ఇటూ వెళ్తాయి. మే చివరి వారం, జూన్ మొదటి వారంలో ఇది ఎక్కువ. పెద్దవాళ్లు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది ఊరికే కాదు. రుతుపవనాలు రావడం ఆలస్యమైన ఏడాది ఆ పడమటి గాలే రోజుల తరబడి వీస్తుంది.

2003లో అదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వేసవికి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మేలో మళ్లీ అదే. సర్కారు లెక్క ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది. తెలంగాణలో చనిపోయిన వందల మంది దీనికి అదనం. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు, బయట తిరగక తప్పనివాళ్లు. ఆ దెబ్బకు ప్రభుత్వం కదిలింది. వేసవి కార్యాచరణ ప్రణాళికలు, చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మండలాల వారీ హెచ్చరికలు వచ్చాయి. ఈ దారి మొదట వేసింది అహ్మదాబాద్. 2010 మే ఎండల్లో అక్కడ మామూలు కంటే 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయాక, 2013లో ఆ నగరం ఎండల కోసమే ఒక ప్రణాళిక రాసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 తర్వాత నాలుగేళ్లకే సర్కారు మరణాల లెక్క రెండంకెలకు దిగింది.

ఆ తగ్గుదలలో నిజమెంత, లెక్క రాసే తీరెంత అన్న అనుమానం ఉండాల్సిందే. దాని గురించి కొంచెం తర్వాత.

యార్డులో గడియారం ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో లక్షకు పైగా టిక్కీలు దిగుతాయి. ఫిబ్రవరి నుంచి మే మొదటి వారాల దాకా రద్దీ. లారీ దించడం, కాంటా వేయడం, మళ్లీ ఎత్తడం అన్నీ హమాలీల భుజాల మీదే. కూలి టిక్కీ లెక్కన. ఎన్ని మోస్తే అంత. ఎండలో కాసేపు కూర్చుంటే ఆ కాసేపటి కూలి పోయినట్టే. పైగా మిర్చి ఘాటుకు ముక్కు, గొంతు మండుతుంటాయి. మూతికి గుడ్డ కట్టుకుని, నలభై కిలోలు దాటిన బస్తా ఎత్తుకుని, 42 డిగ్రీల్లో నడిచే మనిషికి మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట తిరగొద్దు అన్న సలహా ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

మే రెండో వారం నుంచి నెల రోజుల పాటు యార్డుకు వేసవి సెలవులిస్తారు. ఎండలు ముదిరే వేళకు ఇది నిజంగా మంచి ఏర్పాటే. అయితే పని ఆగదు. నగరం చుట్టూ ఉన్న వందకు పైగా కోల్డ్ స్టోరేజీలకు, గోడౌన్లకు జరుగుతుంది. కోల్డ్ స్టోరేజీ లోపల ఫ్రిజ్జు చలి, బయట 43 డిగ్రీలు. రోజుకు ఎన్నోసార్లు ఈ గడప దాటే హమాలీ శరీరం గురించి ఏ బులెటిన్‌లోనూ ఒక్క వాక్యం ఉండదు. ముచ్చికలు తీసే ఆడవాళ్లకు కనీసం నీడైనా ఉంటుంది. కానీ అది రేకుల నీడ. గాలి ఆడదు, ఫ్యాను వేస్తే మిర్చి దుమ్ము లేస్తుంది.

మన ఇళ్లల్లో గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవాళ్లకు ఒక తేడా తెలుసు. అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. సౌదీలో 12 నుంచి 3. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4. ఖతర్ ఇంకో అడుగు ముందుకేసింది. 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. అంతే కాదు, వేడిని, తేమను, ఎండను, గాలిని కలిపి కొలిచే ప్రత్యేక సూచిక 32.1 డిగ్రీలు దాటితే గంట ఎంతైనా సరే పని ఆపేయాలి. అంటే అక్కడ కొలత నేరుగా పనికి ముడిపడి ఉంది. థర్మామీటరు చెబితే మేస్త్రీ ఆపాల్సిందే.

గల్ఫ్‌లో కూలీల పరిస్థితి అంతా బాగుందని దీనర్థం కాదు. అక్కడి కష్టాలు వేరే ఉన్నాయి. కానీ దుబాయ్‌లో మధ్యాహ్నం ఆ రెండున్నర గంటలు నీడన కూర్చునే హక్కు ఉన్న మనిషి, సెలవుకు ఊరొచ్చి గుంటూరులో పనికి వెళితే ఆ హక్కు లేదు. ఇక్కడ ఉన్నది సలహా. ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించమని ఏటా ఆదేశాలిస్తారు. అక్కడ యజమాని సర్కారు కాబట్టి కొంతవరకు సాధ్యమవుతోంది. ప్రైవేటు గోడౌన్, భవన నిర్మాణం, సున్నం బట్టీ, తోపుడు బండి వీటన్నిటికీ ఎవరు చెప్పాలి?

ఒకే అంచనా అందరికీ ఒకేలా పనిచేయదని 2024 హజ్ చూపించింది. ఆ జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఎండ తీవ్రంగా ఉంటుందని ముందే తెలుసు, హెచ్చరికలూ ఇచ్చారు. అయినా 1,301 మంది చనిపోయారు. వాళ్లలో 83 శాతం మంది అనుమతి లేకుండా వెళ్లినవాళ్లేనని సౌదీ ప్రభుత్వం చెప్పింది. వాళ్లకు ఏసీ గుడారాలు లేవు, బస్సులు లేవు, ఎండలో మైళ్ల కొద్దీ నడిచారు. ఆ ఏడాది భారత హాజీలు 98 మంది వివిధ కారణాలతో మరణించారని విదేశాంగ శాఖ తెలిపింది. ఎండ అందరి మీదా ఒకేలా కాసింది. నీడ మాత్రం అందరికీ దొరకలేదు. 2025 తర్వాత పదహారేళ్ల పాటు హజ్ నడి వేసవిలో రాదని సౌదీ వాతావరణ కేంద్రం చెబుతోంది. మనకు మాత్రం బక్రీద్ ఇంకొన్నేళ్లు ఎండల్లోనే. 2026 బక్రీద్ మే నెలాఖరుది. ఈద్గాహ్‌లో షామియానా, తాగునీళ్లు, నమాజ్ వేళ కాస్త ముందుకు జరపడం లాంటివి కమిటీలు ముందే చూసుకోవాల్సిన పనులు.

వాన చెప్పడం ఎందుకంత కష్టం?

ఎండ నెమ్మదిగా వస్తుంది. పెద్ద ప్రాంతాన్ని కమ్ముకుంటుంది. గాలి ఎటు నుంచి వీస్తుందో, మేఘాలు ఉంటాయో లేదో చూసి నాలుగైదు రోజుల ముందే బాగా చెప్పవచ్చు. పిడుగు వాన అలా కాదు. అది పుట్టేది మధ్యాహ్నం, పోయేది సాయంత్రానికే.

ఏప్రిల్, మే నెలల్లో విదర్భ నుంచి తమిళనాడు దాకా తరచూ ఒక ద్రోణి ఏర్పడుతుంది. ఒకవైపు లోపలి నుంచి పొడి వేడిగాలి, ఇంకోవైపు బంగాళాఖాతం నుంచి తేమగాలి. రెండూ కలిసే చోట నేల బాగా కాగి ఉంటే గాలి ఒక్కసారిగా పైకి లేస్తుంది. గంట రెండు గంటల్లో కుంభవృష్టి మేఘం పైకి పెరుగుతుంది. వాతావరణ శాఖ వాళ్లు క్యుములోనింబస్ అనేది దీన్నే. అందులోంచి ఈదురుగాలి, వడగళ్లు, పిడుగులు. ఒక ఊళ్లో రేకులు లేచిపోతే, ఐదు కిలోమీటర్ల అవతల ఊళ్లో చినుకు ఉండదు. అంటే ఆ రోజు పొద్దున కాసిన ఎండే సాయంత్రం వానకు ఇంధనం. రెండు హెచ్చరికలు ఒకే రోజు రావడంలో వింతేమీ లేదు.

కాబట్టి ముందు రోజు చెప్పగలిగేది జిల్లాలో అవకాశం ఉందన్న మాట మాత్రమే. ఫలానా ఊరు అని చెప్పాలంటే మేఘం పుట్టాక రాడార్‌లో చూసి చెప్పాలి. గుంటూరు మీద మేఘాలను మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ చూస్తుంది. దాన్ని బట్టి ఇచ్చే తక్షణ హెచ్చరిక మూడు గంటలకే పనికొస్తుంది. నమ్మదగింది కూడా అదే. పొద్దున చూసిన మెసేజ్‌తో సరిపెట్టుకోకుండా, మధ్యాహ్నం రెండు దాటాక ఇంకోసారి చూడాలన్నది అందుకే.

బులెటిన్‌లో వాడే మాటలకు కూడా అర్థాలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల వాన పడవచ్చని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం లోపు. ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైన, ముప్పావు వంతు దాకా. ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పకపోవడంతో, ‘ఒకటి రెండు చోట్ల’ అన్న రోజున తన పొలంలో వాన పడకపోతే రైతు వాతావరణ శాఖ అబద్ధం చెప్పిందనుకుంటాడు. నాలుగుసార్లు అలా అనుకున్నాక ఐదోసారి పట్టించుకోడు. ఐదోసారే వడగళ్లు పడతాయి.

కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు ఇది మామూలు చిరాకు కాదు. కోసిన కాయలో సగానికి పైగా నీరే. దాన్ని రోజుల తరబడి ఎండబెట్టి పదో వంతుకు తేవాలి. అంటే మనిషిని చంపే ఎండే కాయకు కావాలి. వాన వస్తుందని అంటే కాయను కుప్పగా పోసి పరదా కప్పాలి. కప్పడానికి కూలీలు కావాలి, పరదాలు కావాలి. వాన రాకపోతే ఆ కూలి దండగ. అంతేనా, పచ్చిగా ఉన్న కాయను పరదా కింద ఉంచితే లోపల ఆవిరి పట్టి రంగు పోతుంది, బూజు వస్తుంది. కప్పకపోతే, వాన పడితే కాయ తాలు అవుతుంది, యార్డులో ధర సగానికి సగం పడిపోతుంది. తడిసి ఆరిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరితే ఎగుమతికి పనికిరాదు. రెండు వైపులా నష్టమున్న చోట రైతు పాచిక వేసినట్టే నిర్ణయం తీసుకుంటున్నాడు. 2023 మార్చి మధ్యలో ఉరుములు, వడగళ్లతో పడిన వానలకు, మళ్లీ ఆ మే మొదట్లో పడిన వానలకు కల్లాల్లో కాయ తడిసింది. డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. ఒకే ఏడాది మూడు దెబ్బలు. తుపాను గురించి రోజుల ముందే తెలుసు. మార్చి, మే వానల గురించి తెలిసింది ఎంత తక్కువో రైతులకే తెలుసు.

కొత్త ఉపగ్రహాలకంటే ముందు ఇక్కడ కావాల్సింది ఊళ్లో సిమెంటు కల్లం, నాణ్యమైన పరదాలు, సోలార్ డ్రయర్లు. అవి ఉన్న రైతుకు మూడు గంటల ముందు వచ్చిన మెసేజ్ చాలు. లేనివాడికి మూడు రోజుల ముందు చెప్పినా ప్రయోజనం లేదు. కౌలు రైతుల సంగతి మరీ కష్టం. పొలం పేరు మీద కాగితం లేకపోతే బీమా దగ్గరా, పరిహారం దగ్గరా మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల్లో, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు రెండు వారాల దాకా అకాల వాన నష్టం వర్తించే అంశం ఉంది. కానీ 72 గంటల్లో తెలపాలి. తమ పంటకు, తమ మండలానికి ఏ బీమా వర్తిస్తుందో రైతు సేవా కేంద్రంలో సీజన్ మొదట్లోనే అడిగి రాసుకోవడం మేలు. నష్టం జరిగాక అడిగితే గడువు దాటిపోతుంది.

పిడుగు మెసేజ్ ఎవరి జేబులో ఉంది?

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంతకుముందు ఏడాది మే నెల మొత్తం కలిపినా దాదాపు 30 వేలే. ప్రపంచ వార్తా సంస్థలు కూడా దీన్ని రాశాయి. తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఒకరు. అప్పటికే రాష్ట్రంలో పిడుగులను పసిగట్టే సెన్సర్లు ఉన్నాయి, ఫోన్లకు సందేశాలు పంపే ఏర్పాటు ఉంది. అధికారులే ఒక మాట ఒప్పుకున్నారు: పొలంలో పనిచేసేవాళ్లు ఫోన్ వెంట తీసుకెళ్లరు.

ఇప్పటికీ అంతే. నాట్లు వేసే, కాయ కోసే ఆడవాళ్ల ఫోన్లు గట్టు మీద టిఫిన్ క్యారియర్ పక్కన సంచిలో ఉంటాయి. గొర్రెల కాపరికి ఉన్నది బటన్ ఫోన్. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడే అవకాశాన్ని చూపిస్తుంది. యాప్ మంచిదే. ఉచితం కూడా. కానీ స్మార్ట్‌ఫోన్, డేటా, లొకేషన్ ఆన్‌లో ఉండటం, పని మధ్యలో తెర చూసే తీరిక ఇవన్నీ ఒకేసారి కుదరాలి.

ఫోన్ లేకున్నా పనికొచ్చే లెక్క ఒకటుంది. మెరుపు కనిపించాక ఉరుము వినపడే దాకా అంకెలు లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, పని వదిలి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. చెట్టు కింద, విద్యుత్ స్తంభం పక్కన, ట్రాక్టర్ మీద ఉండకూడదు. దగ్గర్లో ఏ ఆసరా లేకపోతే కాళ్లు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుకూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే కరెంటు కొడుతుందన్న భయం ఉత్తది. వెంటనే ఛాతీ నొక్కి ఊపిరి అందించే ప్రయత్నం చేస్తే బతికే అవకాశం ఉంది.

పేరులోనే పిడుగు ఉన్న పిడుగురాళ్ల లాంటి ఊళ్లలో ఈ హెచ్చరికకు ఫోన్ కంటే నమ్మకమైన సాధనం ఒకటి ఉంది. గుడి మైకు, మస్జిద్ మైకు, చర్చి మైకు. చావు కబురు, తప్పిపోయిన పిల్లవాడి కబురు, నీళ్ల ట్యాంకర్ కబురు ఇప్పటికే వాటిలోనే వెళుతున్నాయి. మూడు గంటల హెచ్చరిక వచ్చినప్పుడు సచివాలయం నుంచి ఒక ఫోన్, అసర్ అజాన్‌కు ముందో తర్వాతో తెలుగులోనూ ఉర్దూలోనూ రెండు ముక్కలు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. వడగాలి రోజుల్లో కూడా జుహర్ నుంచి అసర్ దాకా అని చెబితే పెద్దవాళ్లకు గడియారం అంకెల కంటే త్వరగా అర్థమవుతుంది. ప్రమాదకరమైన వేళ దాదాపు అదే.

ఇక లెక్క రాసే తీరు. వడదెబ్బ మరణంగా నమోదు కావాలంటే మండల స్థాయిలో తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై ధ్రువీకరించాలి. దానికి పోస్ట్‌మార్టం నివేదిక అడుగుతారు. మన కుటుంబాల్లో జనాజా ఆలస్యం కాకూడదనుకుంటారు, పోస్ట్‌మార్టానికి మనసొప్పదు. ఎండలో పని చేసి ఇంటికొచ్చి, జ్వరంలా కాలిపోయి, రాత్రికి పోయిన మనిషి గుండెపోటు ఖాతాలో చేరిపోతాడు. గుండెపోటు కూడా చాలాసార్లు ఎండ వల్లే వస్తుంది. ఇది ఒక్క ముస్లిం కుటుంబాల సంగతే కాదు, ఇంట్లో చనిపోయిన ఏ పేదవాడి విషయంలోనైనా ఇంతే. చివరి నిర్ణయం కుటుంబానిదే. అయితే నిర్ణయం తీసుకునే ముందు పర్యవసానం తెలిసి ఉండాలి. మస్జిద్ కమిటీల్లో ఒకరిద్దరికైనా ఈ విధానం తెలిసి ఉంటే, ఆ గంటలో ఇంటివాళ్లకు వివరించే మనిషి దొరుకుతాడు.

పరిహారం విషయంలో రాష్ట్రానికో తీరు. 2025 నాటికి వడగాలి, పిడుగు రెండూ కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో లేకపోవడం దీనికి మూలం. ఆ జాబితాను పెంచాలన్న రాష్ట్రాల కోరికను 15వ ఆర్థిక సంఘం ఒప్పుకోలేదు. రాష్ట్రాలే తమ విపత్తు నిధిలో పది శాతం లోపు వాడుకుని స్థానిక విపత్తులుగా ప్రకటించుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను అలా ప్రకటించి, చనిపోయిన వాళ్ల కుటుంబానికి రూ.4 లక్షలు ఇస్తామంది. పరిహారం పెరిగితే లెక్కలు కూడా బయటికొస్తాయి. అందుకే ఏ సర్కారూ దీని మీద మరీ తొందరపడదేమో.

జూన్ వచ్చేసరికి కథ పత్తి వైపు మళ్లుతుంది. మృగశిర కార్తెలో ఒక సాయంత్రం ఉరుములతో మంచి వాన పడుతుంది. నల్లరేగడి పైన తడుస్తుంది, మట్టి వాసన వస్తుంది, విత్తనాల షాపుల ముందు బైకులు ఆగుతాయి. రుతుపవనం వచ్చేసిందని పత్తి విత్తుతారు. కానీ ఆ వాన చాలాసార్లు రుతుపవనానిది కాదు. అది వేసవి ఎండ పుట్టించిన ఆఖరి పిడుగు వాన. తర్వాత పది పదిహేను రోజులు పొడి గాలి వీస్తే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తనం కొనాలి. భూమి 60 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా తడిశాకే పత్తి విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఒక్క వానకు అంత తడి రావడం అరుదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్‌లో ముందున్న ఐదు రోజుల వాన అంచనా ఉంటుంది. ఎకరాకు విత్తనం ఖర్చు, దున్నిన కూలి గుర్తున్న రైతు ఆ బులెటిన్ వచ్చేదాకా విత్తనం సంచి విప్పకుండా ఉండగలిగితే, ఆ సీజన్‌కు మొదటి అప్పు కొంచెం వెనక్కి జరుగుతుంది.